మూత లేని సముద్రం

ఓడ మీద నుంచి
మే 19

మామయ్యగారికి,

మీ కోడలు క్షేమం. బయల్దేరి పదకొండు రోజులైంది, రెండుసార్లే వాంతి చేసుకున్నాను. కిందటేడు ఇదే పదకొండు రోజుల్లో తొమ్మిది. ఈ లెక్కన పై ఏటికి ఓడ నేనే నడిపేస్తానని వంటాయన అంటున్నాడు.

గది మన కొట్టులో సీసాలు పేర్చే అరంత ఉంటుంది. పై మంచంమీద వాతావరణం లెక్కలు చూసే ఆవిడ పడుకుంటుంది. ఆవిడ ఇటు దొర్లితే నా ముఖం మీద తుప్పు రాలుతుంది, అటు దొర్లితే ఆవిడ పుస్తకం రాలుతుంది. పుస్తకమే నయం, చదువుకోవచ్చు.

"ఆర్నెల్లపాటు నీళ్ళమీద ఏం వెలగబెడతావమ్మాయ్" అని మీరు ఎప్పుడూ అడుగుతారు. ఈసారి వివరంగా రాస్తాను. ఉక్కు తాడుకి ఇరవైనాలుగు గొట్టాలు కట్టి లోతుకి దించుతాం. ఒక్కో గొట్టం ఒక్కో లోతులో మూసుకుంటుంది. పైకి లాగాక ఆ నీళ్ళు గాజు సీసాల్లోకి పట్టి, వాటిలో ఎంత గ్యాసు కరిగి ఉందో కొలవడం నా పని. ఏ గ్యాసో మీకు చెప్పాలా? మీ సిలిండర్లో ఉన్నదే, సోడాలో చుర్రుమనేదే. ఇరవయ్యేళ్ళ కిందట ఇంకో ఓడ ఇదే దారిలో ఇవే చోట్ల ఆగి కొలిచింది. ఈ ఇరవయ్యేళ్ళలో లోకం వదిలిన పొగలో సముద్రం ఎంత మింగింది, ఏ లోతున దాచింది, అదీ ప్రశ్న.

ఒక చిక్కు వచ్చింది. ఇది మీకు తప్ప ఎవరికి చెప్పినా లాభం లేదు. సీసాలో గాలి బుడగ ఉండకూడదని మా పెద్దసారు అంచుదాకా నింపించి బిగించమంటాడు. అడుగునుంచి వచ్చే నీళ్ళు మంచులా ఉంటాయి. గదిలోకి తెచ్చి పెట్టిన రెండు గంటలకి బిరడాలు తోసుకొస్తున్నాయి. ఇప్పటికి ముప్ఫైరెండు సీసాలు పాడయ్యాయి. సోడాలో మీరేం చేస్తారు?

మిషను తిప్పేటప్పుడు ముఖానికి జాలీ తొడుగు పెట్టుకుంటున్నారా? నేను లేనని తీసి మేకుకి తగిలించారని నా అనుమానం.

ఇక్కడ ఉత్తరాలు రేవుల్లోనే ఇచ్చిపుచ్చుకోవాలి. నెలకి ఒకటి దొరికితే గొప్ప. అందుకని రాసేది కాస్త పొడుగ్గా రాయండి.

మీ కోడలు


సోడా కొట్టు
జూన్ 6

కోడలు పిల్లకి,

మామయ్య ముందు దీవించి, తర్వాత మీ పెద్దసారుని తిట్టి రాసేది ఏమంటే, ఆయనకి చదువెక్కువైంది, సీసాతో పరిచయం తక్కువైంది. చల్లటి నీళ్ళు ముడుచుకుని కూర్చుంటాయి అమ్మాయ్. గది వెచ్చదనం తగిలితే కాళ్ళు చాపుకుంటాయి. చాపుకోవడానికి చోటివ్వకపోతే మూతని తంతాయి. గొంతు దగ్గర చిటికెన వేలి గోరంత ఖాళీ వదులు. గొట్టం సీసా అడుగుదాకా దించి నింపు, పైనుంచి పోస్తే గాలి కలుస్తుంది. ఇంకో సీసాడు నీళ్ళు పొర్లి పోనిచ్చి, మెల్లగా గొట్టం లాగు. యాభై ఏళ్ళుగా నేను చేస్తున్నది ఇదే.

నువ్వు చెప్పినదాంట్లో ఒకటి నాకు మింగుడు పడటం లేదు. మూత సరిగ్గా పడకపోతే నా సోడా పూట తిరక్కుండా చప్పబడుతుంది. సముద్రానికి మూతే లేదు గదా? మింగిన గ్యాసంతా బుస్సుమని ఎందుకు పోదు? పక్క కొట్టు దర్జీని అడిగితే, "సముద్రం సోడా అయితే చేపలు తేన్పుతాయా బాబాయ్" అని ఎదురు ప్రశ్న వేశాడు. వాడి తెలివి అంత.

జాలీ తొడుగు పెట్టుకుంటున్నాను. అబద్ధం. చెమటకి ఒరుసుకుంటోంది. రేపట్నుంచి పెట్టుకుంటాను.

మొన్న ఒకటి జరిగింది, నవ్వుతావని రాస్తున్నాను. మిషను తిప్పుతూ తిప్పుతూ అలవాటున "ఒరే గోళీ, తడిగోనె అందుకోరా" అని కేకేశాను. దర్జీ తల బయటపెట్టి, "వాడు వెళ్ళి మూడేళ్ళైంది బాబాయ్, ఇంకా అందుకోలేదా?" అన్నాడు. నేనూ నవ్వాను. చిన్నప్పుడు సోడా గోళీ మింగి మీ అత్తయ్యనీ నన్నూ మూడు రోజులు కూడు తిననివ్వని వెధవకి ఆ పేరు ఎలా అతుక్కుందో, నా నోటికీ అలాగే అతుక్కుంది. వాడు నీ మొగుడే కావచ్చు, నా కొడుకే కావచ్చు. "సముద్రమా, నేనా, తేల్చుకో" అని నిన్ను నిలదీసిన రోజే చెప్పాను, అలా అడిగేవాడికి నా ఇంట్లో చోటు లేదని. గుమ్మం దాటితే మళ్ళీ ఎక్కొద్దన్నాను. వాడు ఎక్కలేదు. ఎక్కడో అచ్చాఫీసులో అక్షరాలు పేర్చుకుంటున్నాడట. ఈ సంగతి మనం మాట్లాడుకోవద్దనుకున్నాం గనక మాట్లాడను. ఇంత రాశాక అంటున్నాను, మాట్లాడను.

నీ గది రోజూ తలుపు తీసి గాలి పోనిస్తున్నాను.

మామయ్య


ఓడ మీద నుంచి
జూలై 2

మామయ్యగారికి,

గోరంత ఖాళీ గెలిచింది! నూటఇరవై సీసాల్లో ఒక్క బిరడా కదల్లేదు. పెద్దసారు అద్దాలు పైకి నెట్టి, "ఎవరు చెప్పారు?" అన్నాడు. "మా మామగారు, యాభై ఏళ్ళ అనుభవం" అన్నాను. "ఏ విశ్వవిద్యాలయం?" అన్నాడు. "సొంతదే" అన్నాను. ఇప్పుడు ఓడలో అందరూ గొట్టం దించేటప్పుడు మీ పేరే తలుచుకుంటున్నారు. పేరంటే "సోడా మామయ్య" అనే.

మీ మూత ప్రశ్న భోజనాల బల్ల దగ్గర చదివి వినిపించాను. ఒక పూటంతా దానిమీదే వాదన నడిచింది. సోడాలోకి మీరు గ్యాసుని బలవంతంగా కూరతారు, అందుకే సందు దొరకగానే పారిపోతుంది. సముద్రంలోకి ఎవరూ కూరరు. గాల్లో గ్యాసు పెరిగినకొద్దీ పైనీళ్ళు తమంతట తామే కాస్త కాస్త పుచ్చుకుంటాయి. మనుషులు పొగగా వదిలేదాంట్లో నాలుగోవంతు అలా పుచ్చుకుంటున్నాయి. పుచ్చుకున్నది గ్యాసుగా మిగిలేది నూటికి ఒక పాలు కూడా ఉండదు. మిగతాదంతా నీళ్ళలో ముందే ఉన్న క్షారాలతో కలిసి వంటసోడాకి దగ్గరి చుట్టమైపోతుంది. చుట్టరికం కలిశాక బుస్సుమనడం ఎక్కడిది?

ఇంకా ఉంది. బాగా చలిగా ఉండే చోట్ల పైనీళ్ళు చల్లబడి, బరువెక్కి, పుచ్చుకున్నదంతా మోసుకుని అడుక్కి దిగిపోతాయి. అక్కడ వందల ఏళ్ళు, కొన్నిచోట్ల వెయ్యేళ్ళు, గాలి ముఖం చూడవు. వాటిపైన వెచ్చటి తేలిక నీళ్ళు పరుచుకుని ఉంటాయి. కావాలంటే దాన్నే మూత అనుకోండి. మొత్తం గాల్లో ఉన్నదానికి యాభై రెట్లు కింద దాగి ఉంది.

మీరు మాట్లాడనని రాసిన వాక్యాలు చాలాసార్లు చదివాను. నవ్వలేదు. నేను ఓడ ఉద్యోగానికి వెళ్ళకుండా ఉంటే మీ కేకకి పలికే మనిషి ఇంట్లో ఉండేవాడు. మీరు ఏ రోజూ ఆ మాట అనలేదు. అనకపోవడం వల్లే అది నాకు మరీ వినిపిస్తుంది.

తొడుగు పెట్టుకోండి.

మీ కోడలు


సోడా కొట్టు
జూలై 24

కోడలు పిల్లకి,

ఈ రాత నాది కాదని చూడగానే తెలిసి ఉంటుంది. నేను చెబుతుంటే దర్జీ రాస్తున్నాడు.

కంగారు పడకు. ఈ నెల రెండో వారంలో ఒక సీసా మిషన్లోంచి తీస్తుండగా పగిలింది. కుడి అరచేతికి పదకొండు కుట్లు. గాజు పలుకు ఎడమ కంట్లో పడింది, తీసేశారు. కన్ను పోలేదు. ఒక కన్ను కదిలితే రెండోదీ కదులుతుందని రెండిటికీ కట్టు కట్టారు. కట్టు విప్పాక కూడా కొన్నాళ్ళు చదవడం, రాయడం కూడదన్నారు. తొడుగు మేకుకే ఉంది. తిట్టాల్సినంత తిట్టుకో, చెవులు బాగానే ఉన్నాయి.

నీ ఉత్తరం చదివించుకున్నాను. చీకట్లో కూర్చుని వింటే ఇంకా బాగా అర్థమైంది. చల్లటి నీళ్ళే గ్యాసుని పట్టుకుంటాయన్నది నాకు తెలియంది కాదు, అందుకే నేను తెల్లారగట్ల నీళ్ళతో మొదలుపెడతాను. ఎండ ఎక్కాక ఎంత తిప్పినా సరిగ్గా ఎక్కదు. మరి లోకమే వేడెక్కితే సముద్రం పుచ్చుకోవడం తగ్గదూ? మీ పెద్దసారుని అడుగు.

కొట్టు నడుస్తోంది. ఇంటి పని నడుస్తోంది. ఎవరో ఒకరు చూసుకుంటున్నారు, నువ్వు బెంగపెట్టుకోకు.

(ఇక్కడ మీ మామగారు ఇంకో రెండు మాటలు చెప్పి, ఆగిపోయారు. రాసేవాడు.)

త్వరగా రా.

మామయ్య, దర్జీ చేత


ఓడ మీద నుంచి
ఆగస్టు 12

మామయ్యగారికి,

ఉత్తరం అందిన రోజంతా పనిలో చేయి ఆడలేదు. కన్ను నిజంగా పోలేదు గదా? కాపడం అదీ పెట్టకండి. డాక్టరు చెప్పిందే చేయండి.

మీ ప్రశ్నకి పెద్దసారు, "తగ్గుతుంది, ఆ భయంతోనే వచ్చాం" అన్నాడు. ఇప్పుడు చలి చోటికి చేరాం. ఇక్కడ పైనుంచి వెయ్యి మీటర్ల దాకా ప్రతి సీసాలోనూ ఇరవయ్యేళ్ళ కిందటి లెక్కకన్నా ఎక్కువే తేలుతోంది. సముద్రం మాట తప్పకుండా మింగుతూనే ఉంది. కానీ మింగినకొద్దీ నీళ్ళు కొంచెం కొంచెం పులుపువైపు జరుగుతున్నాయి. వలలో ఆవగింజంత నత్తలు పడ్డాయి, రెక్కల్లాంటి పాదాలతో ఈదుతాయి. భూతద్దం కింద పెట్టి చూస్తే కొన్నిటి గుల్లమీద చీడ పట్టినట్టు సన్నటి గుంటలు. ఆ గుల్లే వాటికి ఇల్లు. ఎవరికోసమో ఎవరో సర్దుకుంటారు, ఆ సర్దుబాటు ఖర్చు ఇంకెవరిమీదో పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. దర్జీగారి రాత బాగుంది. కానీ తలకట్లు అక్షరం మీద పెట్టకుండా పక్కన గాల్లో వదిలేసేవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. రోజంతా అచ్చాఫీసులో తలకట్లు సరిగ్గా పేర్చి, చేత్తో రాసేటప్పుడు మాత్రం వాటికి సెలవిచ్చేస్తాడు. పెళ్ళికి ముందు నాకు రాసిన చీటీలన్నీ ఆ రాతే. మీ అబ్బాయి ఇంటికొచ్చాడు.

రావడం మంచిది. మీకు కళ్ళు కట్టి ఉన్నప్పుడు పక్కన కన్నకొడుకు ఉండటం కన్నా కావలసిందేముంది? కానీ నాకు చెప్పకుండా దర్జీ పేరు ఎందుకు పెట్టారో ఆలోచించాను. నేను బాధపడతాననే అయి ఉంటుంది. నేను ఆ ఇంట్లో ఉన్నంతకాలం మీరు కొడుకుని దొంగచాటుగా దగ్గరికి తీసుకోవాలన్నమాట.

ఇక్కడి గట్టుమీద ఒక పరిశోధన కేంద్రం ఉంది. పదహారు నెలలు ఉండి నీళ్ళు కొలవడానికి మనిషి కావాలట. పెద్దసారు నన్ను అడిగాడు. నేను వెళ్తాననుకుంటున్నాను. నా గది ఖాళీ చేయించి మీ అబ్బాయికి ఇవ్వండి. నావల్ల విడిపోయిన తండ్రీకొడుకులు నావల్లే కలవనీ. మీకు ఇది ఇష్టం లేకపోతే ఒక్క మాట రాయండి, "వద్దు" అని. ఆ ఒక్క మాట చాలు, ఇంటికే వచ్చేస్తాను.

మీ కోడలు


సోడా కొట్టు
సెప్టెంబరు 1

కోడలు పిల్లకి,

నత్తల సంగతి విని జాలేసింది. దర్జీకి చెబితే, "నా కత్తెర కూడా అలాగే అరిగిపోతోంది, ఎవరూ పట్టించుకోరు" అన్నాడు. వాడి గోల వాడిది.

చేతి కుట్లు విప్పారు. వేళ్ళు ఇంకా ముడవలేకపోతున్నాను. కంటికి నల్లద్దాలు పెట్టారు. వెలుగు తెలుస్తోంది, అక్షరాలు తెలియవు.

నీ గదికి సున్నం కొట్టించాం. కిటికీ చెక్క ఉబ్బి పడటం లేదంటే చిత్రిక పట్టించి సరిచేయించాం. లేత పసుపా, తెలుపా అని వాదన వచ్చింది. నీకు తెలుపు ఇష్టమని తెలిసినవాళ్ళు చెప్పారు. నువ్వు దిగే రోజుకి సున్నం వాసన పోతుంది.

పుచ్చుకుంటూ పోతే ఎంత పెద్ద సముద్రమైనా ఎప్పటికో ఒకప్పటికి చాలనదా అమ్మాయ్?

(మీ మామగారు ఇంకా చాలా చెప్పారు. కాగితం అయిపోయింది. రాసేవాడు.)

మామయ్య


ఓడ మీద నుంచి
సెప్టెంబరు 20

మామయ్యగారికి,

నేను ఒక్క మాట అడిగాను. మీరు సున్నం గురించి రాశారు.

తప్పు మీది కాదు. "వద్దు" అనడం మీకు కష్టం, "వెళ్ళు" అనడం ఇంకా కష్టం. అందుకే ఏదీ అనలేదని అర్థం చేసుకున్నాను. నిన్న కాగితాల మీద సంతకం పెట్టాను. ఓడ అక్టోబరు 28న ఆఖరి రేవు చేరుతుంది, నాలుగు రోజులు ఆగుతుంది. అక్కణ్ణుంచి ఇంకో ఓడలో కేంద్రానికి వెళ్ళిపోతాను. నా ఉన్ని కోటు, అలమారాలో కింది అరలో ఉన్న పుస్తకాలు ఆ రేవుకి పంపించండి. మిగతావి ఎవరికైనా ఇచ్చేయండి.

కన్ను జాగ్రత్త.

కోడలు


సోడా కొట్టు
అక్టోబరు 4

తల్లీ,

ఈ కోడిగీతలు నావే. కుడిచేయి వణుకుతోంది, ఎడమ కన్ను మసకేస్తోంది, అయినా ఇంకొకడి చేత రాయించేది లేదు. ఎందుకో విను.

డాక్టరు చదవొచ్చన్నాక నిన్న పొద్దున ఎండలో స్టూలు వేసుకుని నీ ఉత్తరాలు తీశాను. వాడు సీసాలు తేవడానికి వెళ్ళాడు. ఆగస్టు ఉత్తరంలో నత్తలదాకా నేను విన్నదే. "ఇప్పుడు అసలు సంగతి" దగ్గర్నుంచి ఒక్క అక్షరం నేను వినలేదు. లేచి లోపలికి వెళ్ళాను. వాడి చొక్కా చిలక్కొయ్యకి వేలాడుతోంది, జేబులో ఇంకో ఉత్తరం కనిపించింది. నీ సెప్టెంబరు ఉత్తరం. అది వచ్చినట్టే నాకు తెలియదు.

వాడు రాగానే రెండూ వాడి ముఖం ముందు పెట్టాను. బుట్ట దించకుండానే నిలబడిపోయాడు.

"చదువుదామనే అనుకున్నా నాన్నా."

"మరి?"

"చదివితే నన్ను పొమ్మంటావు, మళ్ళీ. చదవకపోతే తను వెళ్ళిపోతుంది. రేపు చదువుదాం, రేపు చదువుదాం అనుకుంటూ ఉండిపోయా."

"నేను చెప్పింది రాశావా? 'గోళీ వచ్చాడు, నేనే ఉండమన్నాను, నీకు ఇష్టమేనా' అని రెండు ఉత్తరాల్లోనూ చెప్పానే?"

"రాయలేదు."

"దర్జీ పేరెందుకురా మధ్యలో?"

"చప్పున వాడే గుర్తొచ్చాడు."

దర్జీ గోడ అవతల్నుంచి, "నేనెప్పుడు రాశాను బాబాయ్? నాకు కొలతలు తప్ప రాయడం రాదే!" అని అరిచాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

దెబ్బ తగిలిన రోజు దర్జీయే అచ్చాఫీసుకి కబురు పెట్టాడట. వాడు ఆ సాయంత్రం బస్సుకే వచ్చేశాడు. గుమ్మం బయటే నిలబడి, "ఎక్కొద్దన్నావు గదా, కిటికీలోంచి రానా?" అన్నాడు. వీధి డాక్టరు అప్పటికే కళ్ళకి కట్టు కట్టాడు గనక నా ముఖం ఎలా ఉందో నాకే తెలియదు. ఎత్తుకెళ్ళి పెద్దాసుపత్రిలో పడేశాడు. అప్పట్నుంచి వంట, కొట్టు, నాకు స్నానం, అన్నీ వాడే. నీ గదిలోకి మాత్రం సున్నం కొట్టడానికి తప్ప అడుగు పెట్టలేదు. కొట్టులో సీసాల మధ్య పడుకుంటున్నాడు.

ఇక నా తప్పు. ఇది ఎవరితోనూ అనలేదు. వాణ్ణి వెళ్ళగొట్టింది నీకోసం కాదమ్మా. ఆ రోజు పొద్దున వాడు నాతో, "నాకీ సోడా కొట్టు వద్దు నాన్నా, నేను వేరే పని చూసుకుంటా" అన్నాడు. ఆ కోపం లోపల కుతకుతలాడుతోంది. సాయంత్రం నీతో ఆ పిచ్చి ప్రశ్న వేసేసరికి నాకు సాకు దొరికింది. నీ పేరు చెప్పి నా కసి తీర్చుకున్నాను. కోడలికోసం కొడుకుని వదులుకున్న మహానుభావుడని వీధంతా మెచ్చుకుంటే, కాదని ఒక్కరోజూ అనలేదు. మూడేళ్ళు ఆ మెప్పు తిన్నాను. ఆ బరువు నువ్వు మోస్తున్నావని నీ ఉత్తరం నా కళ్ళతో చదివేదాకా తెలియలేదు. అది నీది కాదు, దించేయ్.

"వద్దు" అనమన్నావు. సంతకం అయిపోయాక అంటే నీ కాళ్ళకి అడ్డం పడినట్టే. అందుకని అనను. రేవుకి రైల్లో రెండు రోజులట. నీ కోటు, పుస్తకాలు నేనే తెస్తాను. వాణ్ణి తీసుకురానా వద్దా అని అడుగుదామంటే నీ జవాబు వచ్చేలోపు రైలు వెళ్ళిపోతుంది. తెస్తున్నాను. కోపమొస్తే ఇద్దర్నీ రేవులోనే తిట్టు.

మామయ్య


కేంద్రానికి వెళ్ళే ఓడ
నవంబరు 26

మామయ్యగారికి,

రేపు మమ్మల్ని గట్టుమీద దించి ఈ ఓడ వెనక్కి తిరుగుతుంది. మళ్ళీ మార్చిలో వస్తుంది. అందుకని ఈ ఉత్తరం ఇవాళే ముగించాలి.

మీరు నల్లద్దాలతో, భుజంమీద నా ఉన్ని కోటుతో రేవు గేటు దగ్గర నిలబడి ఉంటే, కాపలా మనిషి మిమ్మల్ని కోట్లు అమ్మేవాడనుకుని తరిమాడు. దూరంనుంచి చూసి నవ్వుతూనే వచ్చాను, దగ్గరికి రాగానే ఏడ్చాను. మీరు అరచేతి మచ్చ దాచుకున్నారు. నేను చూశాను.

మీరు మెట్లు దిగి, నీళ్ళు దోసిట్లో ముంచి, రుచి చూసి ఉమ్మేసి, "గ్యాసు లేదు" అని తేల్చారు. పెద్దసారు ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత క్రేను చూసొస్తానని మీరు కావాలనే వెళ్ళారు. అరగంటసేపు చూడాల్సిన క్రేను కాదది. మీరు లేనప్పుడు ఏం జరిగిందో అడగకుండా ఉగ్గబట్టుకున్నారు గనక చెబుతున్నాను.

మీ అబ్బాయీ నేనూ క్యాంటీన్లో మూల బల్ల దగ్గర కూర్చున్నాం. తన వేళ్ళ చివర అచ్చు సిరా ఇంకా నల్లగానే ఉంది, మూడు నెలలు సీసాలు కడిగినా పోలేదు.

"ఆ పేరా రోజూ చదివేవాణ్ణి" అన్నాడు. "నాన్నకి తప్ప అందరికీ వినిపించినట్టుండేది."

"నేను రాసింది మామయ్యగారికి."

"తెలుసు. నువ్వు నాకు రాసి మూడేళ్ళైంది. అది కూడా కారణమే."

నేను కూడా రాసి ఉండొచ్చు. రాయలేదు. ఎవరు ముందు రాస్తారా అని ఇద్దరం చూసుకుంటూ కూర్చున్నాం.

సంతకం వెనక్కి తీసుకోవచ్చని పెద్దసారు ముందురోజే చెప్పాడు. తీసుకోలేదు, మామయ్యగారూ. కోపంతో పెట్టిన సంతకమే అది. కానీ కోపం పోయాక చూసుకుంటే వెళ్ళాలనే కోరిక అలాగే ఉంది. చలికాలం నీళ్ళు బరువెక్కి అడుక్కి దిగేది సరిగ్గా ఆ గట్టు ముందే. మా ఓడ ఎప్పుడూ వేసవిలోనే అక్కడికి చేరుతుంది, అప్పటికి దిగాల్సినవి దిగిపోయి ఉంటాయి. ఒక్క చలికాలమైనా దగ్గరుండి చూడాలి. అదే సమయంలో, తెల్ల సున్నం కొట్టిన ఆ గదిలో ఇవాళే పడుకోవాలని కూడా ఉంది. రెండూ నిజమే, ఏదీ ఇంకోదాన్ని తగ్గించడం లేదు. తనకి కూడా ఇదే చెప్పాను. వాదించలేదు.

ఆ గదిలో తనని పడుకోమనండి. సీసాల మధ్య పడుకుంటే నడుం పట్టేస్తుంది. కొట్టు వద్దంటే వద్దననివ్వండి. అచ్చాఫీసు మన వీధిలో కూడా పెట్టుకోవచ్చు. నేను తిరిగొచ్చాక ఏమవుతామో ఇద్దరికీ తెలియదు. తెలిసినట్టు నటించలేదు, అది కొత్త.

ఆ రోజు రేవులో ఓడ కూత వేసింది. మీరు నా పెట్టె పట్టుకుని ముందు నడిచారు, మేమిద్దరం వెనక. నిచ్చెన దగ్గర తను ఆగి, "ఆ రోజు నేను అలా అడగాల్సింది కాదు" అన్నాడు.

"మరేం అడగాల్సింది?"

ఆలోచించాడు. నిచ్చెన కదిలించే మనిషి విసుక్కుంటున్నా ఆలోచించాడు.

"ఎప్పుడొస్తావు అని."

మామయ్యగారూ, మూడేళ్ళ కిందట గుమ్మంలో పెట్టెతో నిలబడి నేను ఎదురుచూసింది ఆ రెండక్షరాల మాటకోసమేనని నాకు అప్పుడే తెలిసింది. రెండక్షరాలు కాదులెండి, ఎక్కువే. లెక్క తప్పాను.

"అయితే ఇప్పుడడుగు" అన్నాను.

"ఎప్పుడొస్తావు?"

"వచ్చే మార్చి కాదు, ఆ పై మార్చి."

తల ఊపి వేళ్ళు ముడవడం మొదలుపెట్టాడు. నేను పైకెక్కి కమ్మీ పట్టుకుని చూశాను. ఓడ గట్టు వదిలింది. మీరు నల్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. తను మీ పక్కన నిలబడి ఇంకా నెలలు లెక్కపెడుతూనే ఉన్నాడు. పదకొండు దాకా నాకు కనిపించాయి. ఆ తర్వాత మీరిద్దరే కనిపించారు, వేళ్ళు కనిపించలేదు.

మీ కోడలు